పాప ఆవలింతలు

తన ఇంట్లో ఏ వస్తువు ఎక్కడుందో వడ్రంగికి తెలియకపోవచ్చు. కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతికిన రోజులున్నాయి. కానీ ఇరవై ఆరేళ్ళ కిందట ఫలానా మధ్యాహ్నం కూతురు ఏ రంగు గౌను వేసుకుని ఏ మూల ఆడుకుందో అడగండి, మీరు మంచినీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టేలోపు తెర మీద చూపిస్తాడు. ఈ విద్యలో తనకు తానే సాటి అని ఆయన నమ్మకం. ఆ నమ్మకంలో పెద్ద అబద్ధం కూడా లేదు.

అడగడమంటే చేతులతో అడగాలి. ఆయనకు పుట్టినప్పటి నుంచీ వినపడదు, భార్యకూ అంతే. కూతురికి మాత్రం చీమ చిటుక్కుమన్నా వినపడుతుంది. సైగల భాషలో మనుషులకు చూపించే పేర్లుంటాయి. చెవి మీద ఎప్పుడూ పెన్సిలు ఉంటుంది కాబట్టి, చూపుడువేలు చెవి మీద పెడితే వడ్రంగి. సూది పట్టినట్టు రెండు వేళ్ళు కలిపితే, బట్టలు కుట్టే ఆయన భార్య. వేలితో బుగ్గ నొక్కితే కూతురు, సొట్టబుగ్గ. ఆ ఇంట్లో పోట్లాటలు కూడా చేతులతోనే జరుగుతాయి. వాదన ఇక చాలనిపిస్తే భార్య గట్టిగా కళ్ళు మూసుకుంటుంది. ఆ తర్వాత ఆయన ఎంత గొప్ప పాయింటు లాగినా గోడకు చెప్పుకోవాల్సిందే.

గొంతు ఆయనకూ ఉంది. కానీ చిన్నప్పుడు బడిలో ఒకరోజు ఆయన ఏదో అనబోతే క్లాసంతా పడిపడి నవ్వింది. వాళ్ళు ఏం విని నవ్వారో ఆయనకు ఇప్పటికీ తెలియదు. ఆ రోజు నుంచి నవ్వడానికీ తినడానికీ తప్ప నోరు తెరవలేదు.

వినపడని వాళ్ళకు వీడియో అంటే సరదా కాదు, ఉత్తరం, డైరీ, ఆల్బమ్ అన్నీ అదే. అందుకే కార్ఖానాలో ఒక మూల, చెక్కపొట్టు పడకుండా గుడ్డ కప్పి, ఆయన కంప్యూటరు పెట్టుకున్నాడు. బల్ల తనే చేసుకున్నాడు. ప్రతి ఫైలుకూ ముందు సంవత్సరం, తర్వాత నెల, తేదీ, చివర అందులో ఏముందో నాలుగు ముక్కలు. ప్రతిదానికీ మూడు నకళ్ళు: ఒకటి కంప్యూటర్లో, ఒకటి బట్టల బీరువాలో చొక్కాల కింద ఉన్న డిస్కులో, ఒకటి నాలుగు వీధుల అవతల అక్కయ్య ఇంట్లో. ఇల్లు మునిగినా వీడియోలు మునగకూడదని లెక్క.

సైగల భాష మాట్లాడే స్నేహితులు ఫైళ్ళు తెరుచుకోవడం లేదని ఆయన దగ్గరకే వస్తారు. ఆయన చేతిలో ఉన్న పని పక్కన పెట్టి మరీ పాఠం చెబుతాడు. ఫార్మాటు అంటే పెట్టె. పెట్టె వేరు, లోపల సరుకు వేరు. పెట్టె మార్చినంత మాత్రాన సరుకు చెడదు. సరుకును కుక్కితేనే చెడుతుంది. కుక్కాల్సి వస్తే ఏది కుక్కినా పరవాలేదు గానీ వేళ్ళు కనపడాలి. సెకనుకు పాతిక బొమ్మలుండాల్సిన చోట పన్నెండు పెట్టావనుకో, చెయ్యి ఇక్కడ మాయమై అక్కడ తేలుతుంది, చెప్పిన మాట గల్లంతవుతుంది. ఇంత చెప్పి, చివర్లో తప్పకుండా ఒక మాట అంటాడు: “ముప్పై ఏళ్ళలో నేను ఒక్క బొమ్మ పోగొట్టలేదు.”

ఆ గొప్పకు గండి పడింది ఒక ఆదివారం పొద్దున.

సొట్టబుగ్గ రైల్వే స్టేషన్లో ప్రకటనలు చదువుతుంది. పెళ్ళయి అదే ఊళ్ళో వేరే ఇంట్లో ఉంటోంది. వడ్రంగి అప్పుడప్పుడూ పని మానుకుని స్టేషన్‌కు వెళ్ళి బెంచీ మీద కూర్చునేవాడు. ఉన్నట్టుండి ప్లాట్‌ఫారం మీద జనమంతా తలెత్తుతారు, మరుక్షణం సంచులు తీసుకుని ఒక వైపు నడుస్తారు. అదీ తన కూతురి గొంతు. ఇంతమందిని ఒక్కసారి కదిలించే గొంతు మామూలు గొంతా అని ఆయన మీసాల చాటున నవ్వుకునేవాడు.

ఆ ఆదివారం ఆమె ఒక కోరికతో వచ్చింది. వాళ్ళత్తగారు భోజనాల దగ్గర కొడుకు చిన్నప్పటి ముద్దుమాటలు చెప్పి నవ్విస్తోందట. “క” పలకలేక “త” అనేవాడని, కాకిని తాతి అనేవాడని. అందరూ నవ్వాక, మరి నువ్వెలా మాట్లాడేదానివి అని ఆమె కోడల్ని అడిగింది. సొట్టబుగ్గ దగ్గర జవాబు లేదు. ఏ ఇంట్లోనైనా ఆ సంగతి అమ్మానాన్నలు చెబుతారు. ఆమె అమ్మానాన్నలు ఆమె మాటలు ఒక్కటీ వినలేదు.

“క్యాసెట్లలో ఉంటుందిగా నాన్నా” అన్నాయి ఆమె చేతులు. “ఒక్కసారి వినాలనుంది. నా గొంతు ఎలా ఉండేదో.”

ఇంత చిన్న కోరికా అని వడ్రంగి కాలరెగరేశాడు. ఫోల్డరు తెరిచాడు. పసుపు గౌను పాప తెర మీద బుడిబుడి అడుగులేసింది. సొట్టబుగ్గ నవ్వుతూ స్పీకరు బటను తిప్పింది. ఇంకా తిప్పింది. వెనక వైరు ఊడిందేమోనని చూసింది. ఇంకో ఫైలు పెట్టమంది, ఇంకోటి పెట్టమంది. ఆ తర్వాత ఆమె నవ్వు ఆగింది.

వడ్రంగి ఎడిటింగు కిటికీ తెరిచాడు. పైన బొమ్మల పట్టీ నిండుగా ఉంది. కింద శబ్దం ఉండాల్సిన పట్టీ ఖాళీగా ఉంది. ఆ పట్టీని ఆయన ఏనాడూ చూడలేదు, అడ్డమని మడిచిపెట్టుకునేవాడు. అప్పుడు గుర్తొచ్చింది. 

పాత వీడియో క్యాసెట్లను కంప్యూటర్లోకి ఎక్కించిన రోజులవి. నలభై క్యాసెట్లు, ఒక్కొక్కటీ గంట. అప్పుడున్న డిస్కు ఎనభై జీబీలు, పట్టేది డెబ్భై నాలుగు. వేళ్ళు స్పష్టంగా కనపడేలా చేస్తే గంటకు రెండు జీబీల కన్నా కొంచెం తక్కువ. మొత్తం డెబ్భై, సరిపోయినట్టే. కానీ గంటగంటకూ ఇంకో ముప్పాతిక జీబీ దాకా ఏదో తింటోంది. చూస్తే శబ్దం. ఆ ప్రోగ్రాములో “శబ్దం వద్దు” అని ఒక గడి ఉంది. ఎవరూ వినని సరుకుకు ఇంట్లో చోటెందుకని టిక్కు పెట్టాడు. నలభై క్యాసెట్లూ ముచ్చటగా సర్దుకున్నాయి. ఒక్కో ఫైలూ మొదటి నుంచి చివరిదాకా కళ్ళారా చూసి, అంతా బాగుందని నిర్ధారించుకుని, బూజు పట్టిన క్యాసెట్లను పారేశాడు. ఆ రోజు తన తెలివికి తనే భుజం తట్టుకున్నాడు కూడా. ఆ తర్వాత పెద్ద డిస్కులు వచ్చాయి, శబ్దం జోలికి పోవాల్సిన అవసరం రాలేదు. పోయింది కూతురికి ఎనిమిదేళ్ళు వచ్చేదాకా ఉన్న శబ్దం మాత్రమే. కావాల్సింది అదే.

జరిగింది ఆయన చెప్పాడు. సొట్టబుగ్గ కోప్పడితే బాగుండేది. ఆమె ఆయన చేతులు రెండూ పట్టుకుని కిందికి దించింది, పరవాలేదన్నట్టు. ఆ ఓదార్పు ఆయనకు చెంపదెబ్బ కన్నా గట్టిగా తగిలింది.

ఆమె వెళ్ళాక భార్య ఊరుకోలేదు. “నా సంగతి నయం. నన్ను అమ్మా అని పిలవడం నేను చూశాను. పెదాలు రెండూ కలిసేవి” అని ఎప్పుడూ చెప్పే గొప్పే మళ్ళీ చెప్పింది. నిజానికి ఈ ముచ్చట వడ్రంగికి మొదటి నుంచీ ముల్లే. పాప తనను ఎప్పుడూ చెవి మీద వేలు పెట్టే పిలిచేది. నోటితో పిలవగా ఆయన ఎన్నడూ చూడలేదు. అది తనకు పట్టనట్టు ఇన్నేళ్ళూ నటించాడు. ఈసారి కళ్ళు మూసుకునే వంతు ఆయనదయింది.

కానీ ఎక్కువసేపు మూసుకుని కూర్చునే రకం కాదు. మూడో రోజుకు అక్కయ్య ఇంటి మెట్లెక్కాడు.

అక్కయ్యకు చెవులు భేషుగ్గా వినపడతాయి, కోపం ముక్కు మీదే ఉంటుంది. క్యాసెట్లు ఇంకా బాగున్న రోజుల్లో ఆమె వాటిలో పన్నెండు పట్టుకెళ్ళి ఒక వీడియో షాపులో సీడీలు చేయించింది. తమ్ముడికీ ఒక జత ఇచ్చింది. ఆ సీడీలను ఆయన ఒక్కసారి చూసి పెదవి విరిచాడు. మొహం చొక్కా గుండీ అంత, వేళ్ళన్నీ అతుక్కుపోయి పిడికిలిలా ఉన్నాయి. ఇదీ ఒక వీడియోనేనా అని వాటికి దారం కట్టి, పెరట్లో పాదు మీద పిచ్చుకలు వాలకుండా వేలాడదీశాడు. ఆ సంగతి అక్కయ్య మరిచిపోతుందా.

“నా సీడీలకు ఉరేసినవాడివి, ఇప్పుడేం మొహం పెట్టుకుని వచ్చావురా?”

అక్కయ్య చేతులు కోపంగా గాల్లో ఆడాయి. వడ్రంగి జరిగింది చెప్పాడు. మొత్తం కథ విన్నాక ఆమె లోపలికెళ్ళి ఒక రేకు డబ్బా తెచ్చింది. గుండీలు, దారపు ఉండలు, వాటి అడుగున కాగితపు సంచుల్లో సీడీలు. ఆమె సీడీ ప్లేయరు పాడై పదేళ్ళు దాటింది, అయినా పారేయలేదు. ఒకదాని మీద ఆమె రాత: సొట్టబుగ్గ, రెండో ఏడు. దీన్ని తిన్నగా పిల్ల చేతికిచ్చెయ్యి, వింటుంది అని ఆమె సలహా. వడ్రంగి ఒప్పుకోలేదు. శబ్దం ఒక చోట, బొమ్మ ఒక చోట ఇచ్చి, కలుపుకోమ్మా అనడం ఆయన పని కాదు. కాళ్ళు ఒక రోజూ పలక ఒక రోజూ పట్టుకెళ్ళి ఎవరికైనా బల్ల అంటగట్టాడా ఎప్పుడైనా?

ఇంటికొచ్చి, అటక మీది పాత సీడీ డ్రైవు దించి తగిలించాడు. సీడీ పెట్టి డ్రైవు మీద అరచెయ్యి ఆనించాడు. యంత్రాల ఆరోగ్యం ఆయన అలాగే కనిపెడతాడు. కాసేపు అది పిల్లిలా గురగురమంటున్నట్టు చేతికి తెలిసింది. పంతొమ్మిదో నిమిషం దగ్గర ఎక్కిళ్ళు మొదలయ్యాయి, ఆగిపోయింది. తీసి వెలుతురుకు పెడితే, మధ్య చిల్లుకు కొంచెం అవతల వంకీ తిరిగిన గీత ఒకటి తళుక్కుమంది.

ఇంకొకరైతే అక్కడితో చేతులెత్తేసేవారు. వడ్రంగికి మాత్రం ఉత్సాహం వచ్చింది. గీత పడిన మెరుపును మళ్ళీ మెరిపించడం ముప్పై అయిదేళ్ళుగా ఆయన చేస్తున్న పని. బల్లలకు ఆఖరి నునుపు ఇచ్చే మెత్తటి పాలిషు ముద్ద తీశాడు. తొందరపడి అసలు సీడీ మీద చెయ్యి వెయ్యలేదు. పెరట్లోకెళ్ళి పాదుకు ఇంకా వేలాడుతున్న ఒక సీడీ తెంపుకొచ్చి, దాని మీద చెయ్యి కుదుర్చుకున్నాడు. గుండ్రంగా రుద్దితే కొత్త గీత పడి, చదివే దారి పొడుగునా అడ్డొస్తుంది. మధ్య నుంచి అంచుకు తిన్నగా రుద్దాలి. పాత బనియను గుడ్డతో, వేలి కొసతో, ఒక పొద్దంతా రుద్దాడు. తుడిచి, పెట్టి, అరచెయ్యి ఆనించాడు. పంతొమ్మిదో నిమిషం వచ్చింది. గురగుర ఆగలేదు. గంట చివరిదాకా ఆగలేదు.

సీడీలోంచి దించుకున్న ఫైలు పేరు చివర కంప్యూటరుకు అర్థంకాని తోకేదో ఉంది, తెరవనని మొరాయించింది. ఆయన నవ్వుకున్నాడు. ఇది పెట్టె మీద చీటీ తప్పు అంతే. తోక మార్చాడు, తెరుచుకుంది. అదే గుండీ మొహం, అవే పిడికిలి వేళ్ళు. కానీ కింది పట్టీ నిండా గుట్టలూ పల్లాలూ గీసినట్టు శబ్దం.

ఇప్పుడు దీన్ని తన బొమ్మల కిందికి చేర్చాలి. రెండూ ఒకే చోట మొదలు కావు, షాపువాడు ముందు కొంత కోసేశాడు. వినపడేవాడైతే పెదవి కదలికనూ మాటనూ చెవితో కలుపుకుంటాడు. వినపడని వడ్రంగి ఏం చేయాలి? ఇక్కడే ఆయన ఇంటి అలవాటు ఆదుకుంది. ఆ ఇంట్లో ఎవరినైనా పిలవాలంటే బల్ల మీద చరుస్తారు, అదురు నేల గుండా పాదాలకు చేరుతుంది. ప్రతి వీడియోకూ ముందు ఆయన కెమెరాను కొయ్య స్టాండు మీద బిగించి, అందరూ ఇటు చూడండని బల్ల మీద ఒక్కటి చరిచి, కెమెరా వెనక్కి వెళ్ళేవాడు. ఆ చరుపు ఇప్పుడు తెర మీద కనపడుతోంది: ఎడమ పక్క నుంచి తన చెయ్యి వచ్చి బల్లను తాకుతోంది. కింది పట్టీలోనూ కనపడుతోంది: మేకు దిగ్గొట్టినట్టు నిటారుగా ఒక గీత.

బల్లకు చెయ్యి తగిలిన బొమ్మ కిందికి ఆ మేకును జరిపాడు. అతికింది. అంతటితో సంతోషపడకుండా చివర్లో ఉన్న ఇంకో చరుపు దగ్గర సరిచూశాడు. మూడు బొమ్మల తేడా. మధ్యలో ఎక్కడో షాపువాడి మిషను తూలింది. ఆ చోటు పట్టుకుని, కోసి, జరిపి, మళ్ళీ చూశాడు. వెంట్రుకవాసి తేడా లేదు. భార్యను పిలిచాడు. ఆమె కుట్టుమిషను వదిలి వచ్చి కళ్ళజోడు సర్దుకుంది. పట్టీ పొడుగునా రంపం పళ్ళలా సన్నటి గీతలు కనపడ్డాయి, మధ్యమధ్య ఆగి మళ్ళీ మొదలవుతూ. బొమ్మలో మూలన ఆమె గౌను కుడుతోంది, పాదం ఆడినప్పుడే పళ్ళు వస్తున్నాయి. ఇదా నా మిషను చప్పుడు, ఇన్నేళ్ళు ఇంత గోల చేశానా అని ఆమె మురిసిపోయింది.

అప్పుడు వచ్చింది ఆ ముక్క. దానికి ఆయన ఎప్పుడో పెట్టిన పేరు “పాప ఆవలింతలు”. పసుపు గౌనులో రెండేళ్ళ పాప మూడడుగుల దూరంలో నిలబడి తిన్నగా కెమెరాలోకి చూస్తూ నోరు తెరుస్తుంది. మూస్తుంది, తెరుస్తుంది. ఏడుసార్లు. తర్వాత విసుగ్గా వెళ్ళి, మునివేళ్ళ మీద లేచి, బల్లను టపటపా చరుస్తుంది. నిద్రమత్తులో తండ్రిని అనుకరిస్తోందని ఎన్నిసార్లు చూసి నవ్వుకున్నారో లెక్కలేదు.

కింద పట్టీలో ఏడు చోట్ల గుట్టలున్నాయి. ప్రతి చోటా రెండేసి: ఒకటి పొట్టిది, దాని వెనకే పొడుగుది. ఏడూ ఒకే అచ్చు. ఆవలింతలు ఒకదానిలా ఒకటి రావని తెలుసుకోవడానికి చెవులక్కర్లేదు. వడ్రంగి ఆ గుట్టలవంక చాలాసేపు చూశాడు. ఆయన మనసులో ఒక ఆశ తల ఎత్తింది. దాన్ని నమ్మడానికి ధైర్యం చాలక, ఫైలు పేరు మార్చకుండా అలాగే ఉంచి, కూతురికి రమ్మని కబురు పెట్టాడు.

సొట్టబుగ్గ డ్యూటీ దిగి, మధ్యాహ్నం ఎండలో తిన్నగా కార్ఖానాకే వచ్చింది. అక్కయ్య ముందే వచ్చి స్టూలెక్కి కూర్చుంది. వడ్రంగి ముక్క పెట్టాడు గానీ తెరవైపు చూడలేదు. కూతురి మొహం చూస్తూ నిలబడ్డాడు, ప్లాట్‌ఫారం మీద జనం మొహాలు చూసినట్టు.

మొదటి గుట్ట దగ్గర ఆమె కనుబొమలు లేచాయి. రెండో దానికి సొట్ట పడింది. నాలుగో దానికి కళ్ళు నిండాయి. అక్కయ్య చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడూ అయ్యాక సొట్టబుగ్గ ఆయన వైపు తిరిగి, ముందు చెవి మీద వేలు పెట్టింది. తర్వాత ఆయన అరచేతిని తీసి తన గొంతుకు ఆనించుకుని ఒక మాట అంది. ఆయన చేతికి రెండు అదుర్లు తెలిశాయి, ఒకటి పొట్టిది, ఒకటి పొడుగుది. ఆమె నోరు ఊరికే తెరుచుకుంది, పెదాలు కలవలేదు.

“అమ్మా అంటే పెదాలు కలుస్తాయి, అందుకే అమ్మకు కనపడింది” అన్నాయి ఆమె చేతులు. “నాన్నా అంటే నోరు తెరవడమే. నిన్నే పిలిచాను. ఏడుసార్లు పిలిచాను, నువ్వు పలకలేదు. అందుకే వెళ్ళి బల్ల చరిచాను.”

ఇరవై ఆరేళ్ళు వడ్రంగి వాటిని ఆవలింతలనుకున్నాడు. ఆయనకు ఏడుపూ వచ్చింది, పట్టరాని గర్వమూ వచ్చింది. రెంటిలో దేన్ని ముందు బయటికి పంపాలో తెలియక, పని మొదలుపెట్టాడు. అది ఆయనకు చేతనైన దారి.

కొయ్య స్టాండు తెచ్చాడు, కెమెరా బిగించాడు. కూతురిని మూడడుగుల దూరంలో నిలబెట్టాడు. బల్ల మీద ఒక్కటి చరిచాడు. కెమెరా వెనక్కి వెళ్ళలేదు, వచ్చి ఆమె ఎదురుగా నిలబడ్డాడు. పిలవమన్నట్టు చేత్తో చూపించాడు.

ఆమె నోరు తెరిచి పిలిచింది.

వడ్రంగి గుండెల నిండా గాలి పీల్చుకుని, బడిలో మూసిన నోరు తెరిచి, పలికాడు. “ఆఁ.”

అది ఎలా వినపడిందో ఆయనకు తెలియదు. ఎవరూ నవ్వలేదన్నది మాత్రం చూశాడు. సొట్టబుగ్గ వచ్చి భుజం మీద తల పెట్టింది. స్టూలు మీద అక్కయ్య ముక్కు చీదుకుంటోంది. భార్య అందరి మొహాలూ మార్చి మార్చి చూసి, ఏమన్నాడు, ఎవరైనా నాకూ చెప్పండి అని చేతులు ఊపింది.

సాయంత్రంలోపు ఆయన మూడు పనులు పూర్తి చేశాడు. పాత ముక్క పేరు కొట్టేసి “పాప పిలుపు, ఏడుసార్లు” అని రాశాడు. కొత్త ముక్కకు తేదీ వేసి, పక్కన “జవాబు” అని పెట్టాడు. రెంటినీ శబ్దంతో సహా మూడు చోట్లా భద్రపరిచాడు, అక్కయ్య ఇంటి నకలు ఆమెతో పాటే నడిచి వెళ్ళి తనే పెట్టి వచ్చాడు. డిస్కులో ఇంకా బోలెడు చోటుంది. మూసేముందు కింది పట్టీని వెడల్పుగా లాగి చూసుకున్నాడు. బల్ల చరుపు మేకు, దాని తర్వాత రెండు గుట్టలు, వాటి వెనకే కొంచెం మోటుగా ఇంకొకటి. ఆ పట్టీని ఆయన మళ్ళీ మడవలేదు.